గాలిమోటరు బాట మీద పరుగు

నేను ఉద్యోగం చేసింది మైదానంలో కాదు, రన్‌వే మీద.

విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల ఆటల విభాగానికి ఫిజికల్ డైరెక్టరుగా చేరిన రోజున, నా గ్రౌండ్ ఎక్కడుందని అడిగాను. మా గ్రౌండ్‌మన్ తుమ్మచెట్ల మధ్య నెర్రెలు బారిన పొడవాటి కాంక్రీటు పట్టీ వైపు చెయ్యి చాపి, "గదే మేడం, గాలిమోటరు బాట" అన్నాడు. విమానాన్ని తెలంగాణ పల్లెల్లో గాలిమోటరు అనేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీ వాళ్లు క్యాంపస్ చివర, తార్నాక వైపు, చిన్న విమానాలు దిగడానికి ఆ పట్టీ పోశారట. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి, బాట మిగిలింది.

ఆ తర్వాత దాని మీద ఎవరి అవసరం వారిది. చుట్టుపక్కల బస్తీల వాళ్లు మిరపకాయలు ఆరబోసుకున్నారు. కొన్నేళ్లు ఎన్‌సీసీ పిల్లలు గ్లైడర్లు ఎగరేశారు. హాస్టళ్లలో విరిగిన మంచాలన్నీ తెచ్చి ఒక చివర గుట్టపోశారు. తార్నాకలో సగం మంది స్కూటరు నేర్చుకున్నది అక్కడే. వాళ్లలో నేనూ ఉన్నాను. మాది తెనాలి దగ్గరి ఊరు. నాన్న ఇక్కడ, హైదరాబాదులో, ఒక పరిశోధనశాలలో ఉద్యోగానికి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. కాలేజీ రోజుల్లో ఆయన నన్ను స్కూటరెక్కించి, వెనక సీటు పట్టుకుని ఆయాసపడుతూ పరిగెత్తుతూ, "బ్రేకు! బ్రేకమ్మా!" అని అరిచారు. బ్రేకు ఎక్కడుంటుందో చెప్పడం మాత్రం మరిచిపోయారు. మంచాల గుట్ట నన్ను ఆపింది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీరు సింథటిక్ ట్రాక్ లేదని, జిమ్‌లో ఏసీ పనిచేయడం లేదని అర్జీలు పెడుతున్నారని వింటున్నాను. పెట్టండి, తప్పు లేదు. మాకు పెట్టాలని తోచలేదు, అంతే. కాంక్రీటు మీద పరిగెత్తితే పిక్కలు పట్టేస్తాయని తెలియక, చేరిన మొదటి ఏడు సగం జట్టును కుంటించాను. తర్వాత బాట పక్కన ఎర్రమట్టి పోయించి దాని మీద పరిగెత్తించడం మొదలుపెట్టాను. ఆ ఎర్రమట్టి మీదే నా ఉద్యోగమంతా గడిచింది. దానిలో ఒక్క ఏడాది గురించే ఇప్పుడు చెబుతాను.

నా దగ్గరికి పతకాల కోసం వచ్చిన పిల్లలు తక్కువ. ఎక్కువమంది పోలీసు ఉద్యోగానికి వచ్చేవారు. రాతపరీక్షకు గదిలో కూర్చుని చదువుకోవచ్చు. దేహదారుఢ్య పరీక్షకు అలా కుదరదు కదా. పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ - వీటికి ఎవరో ఒకరు నిలబడి నేర్పాలి. పల్లెల నుంచి హాస్టళ్లకు వచ్చిన ఆడపిల్లలు, చుడీదార్ పంజాబీల మీదే, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని తెల్లవారగానే బాట మీదికి వచ్చేవారు.

ఆ ఏడాది వచ్చిన వాళ్లలో ఒకమ్మాయిది సూర్యాపేట అవతలి ఊరు. ఎం.ఏ. తెలుగు చదివేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. పరిగెత్తేటప్పుడు నోరు గట్టిగా మూసుకునేది. మిగతా సమయంలో ఆ నోరు మూతపడేది కాదు. పొద్దున నా దగ్గర పరుగు, సాయంత్రం ఉద్యమకారుల ఆటపాటల ధూంధాం సభల్లో పాట. క్యాంపసంతా ఆమెను పాటల పిల్ల అనేవారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. నా చేతుల మీదుగా వెళ్లిన ఆడపిల్లల్లో అంత చురుగ్గా పరిగెత్తిన పిల్ల ఇంకొకతె లేదు. వయోపరిమితి దాటిపోతోంది, ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఆమె రూమ్మేట్ ఖమ్మం వైపు పిల్ల. తండ్రి లేడు, మాట తక్కువ. పాటల పిల్ల లాక్కొస్తేనే గ్రౌండుకు వచ్చేది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మళ్లీ ఊపందుకున్న రోజులవి. క్యాంపస్ అంటే ఉద్యమం, ఉద్యమం అంటే క్యాంపస్ అన్నట్టు ఉండేది. గాలిమోటరు బాట మీద మొదట వంటావార్పు చేశారు. నిరసనగా ఇళ్లు వదిలి రోడ్ల మీద వండుకు తినడమన్నమాట. బాట పొడవునా రాళ్ల పొయ్యిలు వెలిగాయి. కాంక్రీటు చదునుగా ఉండడంతో గిన్నెలు చక్కగా కుదురుకున్నాయి. మా గ్రౌండ్‌మన్ జనగామ వైపు మనిషి. ఆదివారం చర్చిలో పాటల బృందంలో పాడేవాడు, మిగతా ఆరు రోజులూ నా మీద సణిగేవాడు. ఆ రోజు మాత్రం ఉత్సాహంగా నాకొక విస్తరి తెచ్చిపెట్టాడు.

"తినుండ్రి మేడం. పుంటికూర పప్పు. మీరు గోంగూరంటరు, మేం పుంటికూరంటం. అన్నీ పంచుకోవచ్చు గానీ గిదొక్కటి పంచుకునుడే కష్టం" అన్నాడు.

రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఆ రోజు మా మధ్య రాజకీయం అంతవరకే.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున వెళ్లేసరికి బాట మీద గుడారాలు, ముళ్లకంచె చుట్టలు, వరసగా వ్యాన్లు కనిపించాయి. పోలీసు క్యాంపు దిగింది. నా ఎర్రమట్టి మీద నీళ్ల ట్యాంకరు నిలబెట్టారు. ఇన్‌స్పెక్టరును వెతుక్కుంటూ వెళ్లాను. పాలమూరు మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టుంది.

"మా పిల్లలు ఇక్కడ పరిగెత్తాలండీ" అన్నాను.

"ఏ పిల్లలు మేడం? రాళ్లేసెటోళ్లా?"

"పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే మా పిల్లలే అన్నట్టు" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి అడిగాడు: "మేడం, మీరు నాకొక సాయం చేస్తరా? నా దగ్గర లేడీ కానిస్టేబుళ్లున్నరు. వాళ్లకు బాత్రూం లేదు. పొద్దుగాల చెట్ల ఎనుకకు పోతున్నరు. పైకి రాస్తే జవాబు రాదు. ఇంకెవరికన్న చెప్పాల్నంటే సిగ్గైతది."

మా అమ్మాయిలు బట్టలు మార్చుకునే గది పక్కనే రెండు బాత్రూములున్నాయి. తాళంచెవి ఇచ్చాను. ట్యాంకరు కదిలింది. ఎండెక్కేదాకా బాటలో సగం మా పిల్లలకు వదిలేటట్టు ఒప్పందం కుదిరింది. తాళం తీయడానికి వెళ్లిన గ్రౌండ్‌మన్, "ఉద్యమం జేసెటోని చేతనే పోలీసోళ్లకు తాళం తీయిస్తిరి మేడం, మీకు పుణ్యముంటది" అని సణిగాడు. పక్కరోజు చూస్తే అక్కడ తనే కొత్త బకెట్టు పెట్టి వచ్చాడు.

అట్లా ఒక వింత ఏర్పాటు నడిచింది. పొద్దున మా పిల్లలు పరిగెత్తుతుంటే లేడీ కానిస్టేబుళ్లు టీ గ్లాసులు పట్టుకుని గుడారాల ముందు కూర్చుని చూసేవారు. "షాట్‌పుట్ గట్ల ఇసిరితే ఫౌలిస్తరు చెల్లే" అని సలహాలు చెప్పేవారు. మధ్యాహ్నం అదే బాట మీద ఊరేగింపు, నినాదాలు, అప్పుడప్పుడు బాష్పవాయువు. పొద్దున సలహా చెప్పిన అక్కలు మధ్యాహ్నం హెల్మెట్లు పెట్టుకుని ఎదురుగా నిలబడేవారు.

ఇది అందరికీ నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకండి. పోలీసు ఉద్యోగాల విషయంలో హైదరాబాదు అందరిదీ అని, ఎక్కడివాళ్లైనా ఇక్కడి ఖాళీలకు పోటీపడొచ్చని ఒక నిబంధన ఉండేది. దాన్ని తీసేసేదాకా ఆ పరీక్షలనే బహిష్కరించాలని విద్యార్థులు తీర్మానించారు. అటువంటప్పుడు నేను అదే పరీక్షకు వాళ్ల పిల్లలను తయారుచేస్తున్నాను. ఒకరోజు కాంక్రీటు మీద పెద్ద అక్షరాలతో సున్నంతో రాసి ఉంది: "పోలీసు బూట్లకు పాలిష్ పట్టే పరుగు ఆపండి."

విద్యార్థి నాయకుడొకడు నా గదికి వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడం, మీరు మంచోళ్లే. మా కొలువుల కోసం మేం కొట్లాడుతుంటే, మీరు మా పిల్లల్నే గా పరీక్షకు తయారుజేస్తున్నరు. మీరు ఆంధ్రోళ్లు గాబట్టి చేస్తున్నరని మేం అంటలేం. అనేటోళ్లు అంటున్నరు."

"అనేవాళ్లను నా దగ్గరికి పంపు, బాబూ" అన్నాను.

మాటైతే గట్టిగానే అన్నాను. ఇంటికి వెళ్లాక లెక్క వేసుకున్నాను. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తార్నాకలో ఉన్నాను. రేషన్ కార్డు, ఓటు, నాన్నను సాగనంపిన శ్మశానం అన్నీ ఇక్కడే. అయినా ఆ కుర్రాడి మాటలో అబద్ధమేదీ నాకు దొరకలేదు. కొట్లాట న్యాయమైనదే. పరుగెత్తే పిల్లలదీ న్యాయమే. రెండిట్లో ఏదో ఒకటి తప్పై ఉంటే నా పని సులువయ్యేది.

హాస్టల్లో మీటింగు పెట్టి పరుగెత్తే అమ్మాయిలను నిలదీశారట. పాటల పిల్ల లేచి, "గీ కొట్లాటంత కొలువుల కోసమే గదా. కొలువు కోసం ఉరికితే తప్పేంది?" అని అడిగిందని రూమ్మేట్ నాకు చెప్పింది. చప్పట్లు కొందరు కొట్టారట, కొందరు కొట్టలేదట.

పరీక్షకు తేదీ వచ్చింది. మా దగ్గర ఆరుగురికి హాల్ టికెట్లు అందాయి. అదే రోజుకు విద్యార్థులు బంద్ పిలుపిచ్చారు. ముషీరాబాద్ అవతల ఉన్న పోలీసు మైదానంలో పొద్దున్నే హాజరు కావాలి. నేను విశ్వవిద్యాలయం బస్సు అడిగి తెచ్చాను. నాకప్పుడు అది గొప్ప ముందుచూపు అనిపించింది. గుట్టుగా నడిచిపోవాల్సిన ఆరుగురి కోసం, క్యాంపస్ పేరు పెద్దక్షరాలతో రాసి ఉన్న బస్సును తెచ్చి హాస్టళ్ల ముందు నిలబెట్టానన్న సంగతి, డ్రైవరు ఇంజను ఆన్ చేస్తే ఆ చప్పుడుకు హాస్టళ్ల కిటికీలు తెరుచుకున్నాక గానీ బుర్రకెక్కలేదు.

బస్సు బాట చివరికి చేరేసరికి తార్నాక గేటుకు అడ్డంగా విద్యార్థులు కూర్చుని ఉన్నారు. ముందు వరసలో ఆ నాయకుడు. అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. అరిస్తే బాగుండుననిపించింది.

క్యాంపు వైపు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి బస్సు కిటికీ దగ్గర నిలబడ్డాడు. "మేడం, ఊ అనుండ్రి. ముంగట రెండు వ్యాన్లు, ఎనుక రెండు. జల్ది దింపుతం."

వెనక్కి తిరిగి పిల్లల ముఖాలు చూశాను. పోలీసు వ్యాన్ల మధ్య ఈ గేటు దాటితే సాయంత్రం మళ్లీ ఏ ముఖంతో హాస్టల్ మెట్లు ఎక్కుతారు?

"వద్దండీ" అన్నాను.

"మీ ఇష్టం. తర్వాత నన్ననద్దు" అని ఆయన వెళ్లిపోయాడు.

నేను దిగి కుర్రాళ్లకు నచ్చజెప్పాలనుకున్నాను. మాటలు కూడదీసుకుంటుండగానే పాటల పిల్ల నా పక్కనుంచి దిగిపోయింది. నేరుగా నాయకుడి ముందుకు వెళ్లింది.

"అన్నా, నేను బోను. నేను గీడ మీతోని కూసుంట. పోతమన్నోళ్లను పోనియ్యి."

"అందరం అనుకున్న మాటనే గదా. ఒక్కలకొక తీరు, ఇంకొకలకొక తీరు ఎట్లుంటది?" అన్నాడతను.

"తెలంగాణ ఇయ్యాల గాకుంటే రేపొస్తది. గప్పటికి వీళ్ల వయసు దాటిపోతే ఎవరిస్తరు? నువ్విస్తవా?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "నీకు గూడ గిదే ఆఖరు గదా?"

"నా సంగతి నేను జూసుకుంట" అని ఆమె చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

నాయకుడు తల దించుకుని నేల మీద వేలితో ఏదో గీస్తున్నాడు. చివరికి లేచి, "బస్సు పోదు. నడిసిపోతమంటే పోనియ్యుండ్రి" అన్నాడు. వరసలో ఒక మనిషి పట్టే సందు తెరుచుకుంది.

ముగ్గురమ్మాయిలు అప్పటికే బస్సు దిగి హాస్టల్ వైపు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను. మిగిలింది రూమ్మేట్, ఇంకో అమ్మాయి. రూమ్మేట్ బస్సు మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది, కదలదు. పాటల పిల్ల కూర్చున్న చోటు నుంచే అరిచింది: "ఏయ్, ఏడ్వకు! ఏడిస్తె ఊపిరి పట్టేస్తది, ఎట్ల ఉరుకుతవ్? లే, మేడం ఎంబడి నడువ్!"

గేటు దగ్గరికి వచ్చిన గ్రౌండ్‌మన్‌ను బస్సు దగ్గర ఉండమని చెప్పి, ఇద్దరినీ తీసుకుని నేను బయల్దేరాను. ఆటోలు లేవు, బస్సులు లేవు. వారాసిగూడ సందుల్లో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మేం గబగబా నడుస్తుంటే అరుగుల మీద జనం వింతగా చూశారు. ముషీరాబాద్‌లో ఒక ముసలాయన సగం తెరిచిన షట్టరు కిందనుంచి, "కహాఁ జారై బేటీ, బంద్ హై" అన్నాడు. ఎక్కడికని అడిగితే పరీక్షకని చెప్పాం, లోపలికెళ్లి మంచినీళ్ల బాటిలు తెచ్చిచ్చాడు.

మైదానం దగ్గర కన్నవాళ్లను, కోచ్‌లను లోపలికి రానివ్వరు. గేటు బయట ఎండలో నిలబడ్డాను. రెండో అమ్మాయి లాంగ్‌జంప్‌లో పోయి ముందే బయటికి వచ్చింది. రూమ్మేట్ అన్నీ నెగ్గి వచ్చింది. ముఖంలో సంతోషం ఏమీ లేదు. "మేడం, వాపస్ పోదాం" అంది, అంతే.

మేం తిరిగొచ్చేసరికి బాట మీద గాలి ఇంకా మండుతోంది. కాంక్రీటు నిండా చెప్పులు, రాళ్లు, బాష్పవాయు గోళాల ఖాళీ డబ్బాలు. మధ్యాహ్నం ఊరేగింపు కదలగానే తోపులాట మొదలైందట. గ్రౌండ్‌మన్ తడి తువ్వాలు ముఖానికి కప్పుకుని బస్సు నీడన కూర్చుని ఉన్నాడు.

"పట్టుకపోయిన్రు మేడం. ముంగట కూసున్నోళ్లనందర్ని పట్టుకపోయిన్రు. గా పోరి ఒక్క రాయి ముట్టలే. నేను కండ్లార చూసిన" అన్నాడు.

ఇద్దరం స్టేషనుకు వెళ్లాం. అక్కడ కూర్చున్నది మా క్యాంపు ఇన్‌స్పెక్టరే. ఆమె రాయి వేయలేదని గ్రౌండ్‌మన్ సాక్ష్యం చెబుతానన్నాడు. నేను ఆ పిల్ల పొద్దున ఏం చేసిందో మొత్తం చెప్పాను. ఇన్‌స్పెక్టరు అడ్డు చెప్పకుండా విన్నాడు.

"నాకెరుకే మేడం. నేనూ చూసిన. గానీ పేర్లు పైకి పోయినయ్. నా చేతుల లేదు" అన్నాడు. తర్వాత బల్ల మీద చూపు నిలిపి, "మీ బాత్రూం తాళంచెవి వాపస్ ఇయ్యమంటరా?" అని అడిగాడు.

ఒక్క క్షణం ఇమ్మందామనే అనిపించింది. "ఉంచండి. మీ కానిస్టేబుల్ పిల్లలేం చేశారు?" అని వచ్చేశాను.

పాటల పిల్లకు బెయిలు వచ్చింది గానీ కేసు నిలిచింది. కేసున్న మనిషికి పోలీసు ఉద్యోగం రాదు, పైగా వయసూ దాటిపోయింది. రూమ్మేట్ సెలెక్టయింది. ట్రైనింగుకు వెళ్లే రోజున అందరూ క్లాసుల్లో ఉన్నప్పుడు గది ఖాళీ చేసి వెళ్లిందట. నాకూ చెప్పలేదు. ద్రోహి అని ఆమె ముఖం మీద ఎవరూ అనలేదని అందరూ నాతో చెప్పారు. ముఖం మీద అనలేదు, నిజమే.

పాటల పిల్ల చేత నేను బలవంతంగా వ్యాయామ ఉపాధ్యాయుల బీపీఎడ్ ప్రవేశపరీక్ష రాయించాను. "పాటలు పాడుకునేదాన్ని, విజిల్ ఊదమంటిరి" అని నవ్వింది. రాష్ట్రం వచ్చాక కేసులు ఎత్తేశారు. ఆమె ఒక గురుకుల పాఠశాలలో పీఈటీగా కుదిరింది. రూమ్మేట్ గురించి అడిగితే, "ఫోన్ జేస్తనే ఉంట మేడం. ఎత్తది" అనేది.

రాష్ట్రం వచ్చిన రోజు బాట ఈ చివర నుంచి ఆ చివర దాకా జనం ఆడారు. గ్రౌండ్‌మన్ నా ముఖం నిండా గులాల్ పూసి, "ఇగ మీరు గూడ మావోళ్లే మేడం" అన్నాడు. "ఇన్నాళ్లూ ఎవరిదాన్నయ్యా?" అన్నాను. ఆయన ఇబ్బందిగా నవ్వి ఇంకొంచెం గులాల్ పూశాడు. ఆ తర్వాత బాటకు గేట్లు పెట్టి, పొద్దున నడిచేవాళ్లకు పాసులిచ్చారు. చివరికి తార్నాక వైపు సగం పగలగొట్టి, పోలీసు గుడారాలు ఉండిన చోటే ఇండోర్ స్టేడియం కట్టారు. ఆ పాత కాంక్రీటు పగలగొట్టడానికి మిషన్లు వారాల తరబడి పడ్డ పాట్లు చూసి కాంట్రాక్టరు తల పట్టుకున్నాడు.

నా పదవీ విరమణ సభ ఆ స్టేడియంలోనే పెట్టారు. పాత పిల్లలు చాలామంది వచ్చారు. పాటల పిల్ల తన బడి అమ్మాయిలను వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. సభ సగమయ్యాక వెనక తలుపు తెరుచుకుని పోలీసు యూనిఫారంలో ఒకామె వచ్చింది. చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రూమ్మేటే. వస్తుందని నేను అనుకోలేదు.

ఎవరో నా గురించి మైకులో మాట్లాడుతున్నారు. పాటల పిల్ల వెనక్కి తిరిగి చూసింది, లేచింది. అంతమంది మధ్యలోంచి నేరుగా చివరి వరసకు నడిచింది. నేనూ వేదిక దిగి ఆమె వెనకే వెళ్లాను.

రూమ్మేట్ లేచి నిలబడింది. ఒళ్లోని టోపీ జారి కింద పడింది.

"ఆ దినం ఉరుకుడు ఎంతల కొట్టినవే?" అని అడిగింది పాటల పిల్ల.

రూమ్మేట్ తన టైము చెప్పింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆమెకది సెకన్లతో సహా గుర్తుంది.

"గంతేనా?" అంది పాటల పిల్ల. "నేనైతే ఇంకా జల్ది వస్తుండె."

"వస్తుంటివి" అంది రూమ్మేట్. "గందుకే నీ ఫోన్ ఎత్తలే."

పాటల పిల్ల ఆమె ఒళ్లోంచి జారిన టోపీని నేల మీది నుంచి తీసి, దుమ్ము దులిపి ఆమె చేతిలో పెట్టింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. మైకులో నా పేరు పిలుస్తున్నారు, మాట్లాడడానికి రమ్మని. కాసేపు ఆగమని చేత్తో సైగ చేసి, నేనూ ఆ వరసలోనే ఒక కుర్చీ చూసుకున్నాను.